వేరు పేరు మీద

మూడున్నర పడవ ఎక్కి
ముహు దీవిలో దిగేసరికి చీకటి.
నవంబరులో ఇక్కడ పగలంటే
ఎవరో తలుపు తోసి, ఇల్లు తప్పామనుకుని
మళ్ళీ దగ్గరగా వేసి వెళ్ళిపోవడం.

సల్మె గారి కంప్యూటరూ అదే చేస్తోందట.
పేరడుగుతుంది, చెబుతుంది.
పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడుతుంది.
తెర ఒక్క రెప్పపాటు నల్లబడి
మళ్ళీ, ఏమీ ఎరగనట్టు, పేరడుగుతుంది.
"తప్పయితే తప్పని చెప్పొచ్చుగా!
రమ్మని పిలిచి గడపలో నిలబెడుతుందేం?"
పొయ్యిలోకి కట్టె నెడుతూ అందావిడ.
లోపలెక్కడో ఉన్నాయి
నలభై ఏళ్ళ చేతితొడుగుల నమూనాలు,
నారింజ మీద గులాబీ, గడి గడికీ లెక్కతో.

మేనల్లుడు ఊకు గోడకి ఆనుకుని
సాక్సు బొటనవేలి చిల్లు చూసుకుంటున్నాడు.
"ఆదివారం డెస్క్‌టాప్ రాలేదు.
ఒక్కసారే, రూట్‌గా స్టార్టెక్స్ కొట్టాను.
వచ్చింది."
రాకేం, వస్తుంది.
రూట్‌కి తాళం వేసిన గది లేదు.
పోతూ పోతూ మాత్రం
ముట్టిన చెంబు మీదల్లా
తన పేరు చెక్కించుకుని పోతుంది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ మూడు.
బొమ్మలు లేని తెర. నలుపు మీద తెలుపు.
దాచిన ఫైళ్ళతో సహా జాబితా అడిగాను.
గీత, ఆర్, డబ్ల్యూ, గీత,
గీత గీత గీత, గీత గీత గీత.
సల్మె కళ్ళజోడు దించింది.
"ఇది అల్లిక లెక్కే కదా!"
అల్లిక సూదితోనే వరుస వరుసా దిగింది.
మొదటి మూడూ మీకు, తర్వాతి మూడూ మీ వాళ్ళకి,
చివరి మూడూ ఊరికి, అన్నాను.
అప్పటికే సూది ఆగింది.
ఎక్స్‌అథారిటీ. ముందొక చుక్క.
యాభై మూడు బైట్లు.
ఇల్లు సల్మెది, పొయ్యి సల్మెది,
గడప చీటీ ఒక్కటే వేరు పేరు మీద.
వేరు అంటే మూలమే;
వేరు అంటే పరాయి కూడా.

"అన్నిటికీ ఏడు ఏడు ఏడు కొట్టేస్తే పోలే?"
ఊకు గొణిగాడు.
"పది వేళ్ళకీ చిల్లులు పెడితే
తొడుగు సుళువుగానే ఎక్కుతుందిరా" అందావిడ,
వాడి సాక్సు వైపు చూడకుండా.

టెంప్ వరుస చివర ఒంటరి 'టీ' చూసి అడిగింది.
అది ఉమ్మడి గది. ఎవరైనా పెట్టొచ్చు,
ఎవరిది వాళ్ళే తీసుకోవాలి.
"చర్చి వసారాలో గొడుగులు" అంది. అంతే మరి.

చోన్ ఆదేశం తనే కొట్టింది, రెండు వేళ్ళతో.
యంత్రం కిమ్మనలేదు.
"ఏమీ అనదా?"
పని అయితే అనదు.
"అయితే ఈ దీవిదే."

ఈసారి నల్లబడిన తెర
నల్లగానే ఉండిపోలేదు.
సల్మె సంబరపడలేదు; నేరుగా నమూనాల గదిలోకి వెళ్ళింది.
అక్కడింకోటి. యజమాని రూట్. తేదీ ఆదివారం.
తెరిస్తే ఒక తొడుగు, ఎనిమిది రేకుల నక్షత్రం,
బొటనవేలి దగ్గర రెండు గళ్ళు తక్కువ.
ఊకు పొయ్యి వైపు తిరిగాడు.
చెవులు నారింజ రంగు.

ఇదీ మీ పేరుకి మార్చనా, అన్నాను.
"నాదెందుకవుతుంది? వాడి పేరుకి మార్చు."
వాడికి ఇందులో పేరు లేదండీ.
"లేకపోతే ముందు పేరు పెట్టు."

కొత్త ఖాతా తెరిచాను. అడిగినదల్లా అడిగింది.
పూర్తి పేరు: ఊకు రాండ్వెర్.
తర్వాత, గది నంబరు.
ఎవరూ నింపరు దాన్ని. దాటేయబోయాను.
వాడు అత్త వైపు చూశాడు.
సల్మె రొట్టె కోస్తోంది. తల ఎత్తలేదు.
"మేడ మీద, సముద్రం వైపుది.
రాయి."